సొంతంగా ప్రచురించే రచయిత: ఈ-పుస్తకం

పాండేసర సూరత్ నగరానికి దక్షిణ భాగంలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం. అక్కడ ఎవరినైనా 'ప్రింటింగ్' అంటే ఏమిటని అడిగితే, చీరల మీద వేసే అచ్చు అనే చెబుతారు. బట్టలకు రంగులద్దే మిల్లులు, మరమగ్గాల షెడ్లు అంత ఎక్కువ. ఈ పనుల కోసం ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వలస వచ్చినవారితో పాటు తెలుగువారు కూడా సూరత్‌లో స్థిరపడ్డారు. వారిలో తెలంగాణ జిల్లాల నేత కుటుంబాలు ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ వంటి మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. తెలుగు పుస్తకాల ప్రచురణకర్తలు మాత్రం ఎక్కువగా హైదరాబాదులోను, విజయవాడలోను ఉన్నారు.

ఇంటి దగ్గర చీరలకు లేసులు కుట్టే ఒక ఇల్లాలు అక్కడ ఉందనుకుందాం. ఊరు విడిచి రావడం, షెడ్డులో భర్త పన్నెండు గంటల షిఫ్టులు, పిల్లలు ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడడం - ఇవన్నీ ఆమె నోటు పుస్తకాలలో కథలుగా రాసుకుంది. అవి పుస్తకంగా రావాలంటే ఆమె ఏం చేయాలి? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ఈ-పుస్తకం అంటే కాగితం మీద కాక ఫోను, కంప్యూటరు వంటి తెర మీద చదివే పుస్తకం. ప్రచురణకర్త లేకుండా, రచయిత తానే పూనుకొని పుస్తకం తెస్తే ఆ రచయితను స్వతంత్ర రచయిత అనవచ్చు. ఇందులో ఈ-పుస్తకం కొత్తదే కాని, సొంత ప్రచురణ కొత్తది కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధిని' పత్రిక ప్రారంభించి, తన 'రాజశేఖర చరిత్ర'ను మొదట అందులోనే విడతలుగా ప్రచురించారు. ఈ-పుస్తకం సంగతికి వస్తే, 1971లో అమెరికాలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించడంతో దాని చరిత్ర మొదలైందని చెబుతారు. 2007లో అమెజాన్ సంస్థ కిండిల్ అనే చదువు పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. 2010లో హైదరాబాదు నుంచి 'కినిగె' తెలుగు ఈ-పుస్తకాల అమ్మకం ప్రారంభించింది.

అచ్చు పుస్తకానికి ముందుగా డబ్బు పెట్టాలి. కాగితం, ముద్రణ, బైండింగు, రవాణా, ఆపైన పుస్తక విక్రేతకు ఇచ్చే కమిషను ఉంటాయి. అయిదు వందల ప్రతులు వేస్తే వాటిలో ఎన్నో అటక ఎక్కడం తెలుగు రచయితలలో చాలామందికి అనుభవమే. ఈ-పుస్తకానికి కాగితం, ముద్రణ, బైండింగు, రవాణా ఖర్చులు లేవు. సూరత్‌లో పెట్టిన పుస్తకాన్ని సిరిసిల్లలోనో షోలాపూరులోనో ఉన్నవారు మరుక్షణంలో చదవవచ్చు. అయితే అచ్చు ఖర్చు పోయినంత మాత్రాన పని పోదు. ప్రచురణకర్త చేయవలసిన పని అంతా రచయిత మీద పడుతుంది. తప్పులు దిద్దడం, ముఖచిత్రం, ధర, ప్రచారం, లెక్కలు అన్నీ తానే చూసుకోవాలి. ఈ సంగతి ముందే తెలియక నిరాశపడేవారు ఎక్కువ.

మొదటి చిక్కు అక్షరాలతో వస్తుంది. మన డి.టి.పి. సెంటర్లలో చాలాకాలంగా అను వంటి ఫాంట్లతో తెలుగు కొడుతున్నారు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలో కూర్చుంటాయి. అచ్చు వేయడానికి అది చక్కగా పనికొస్తుంది. అదే ఫైలును ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికింది. ఈనాటి ఫోన్లలో మనం కొట్టే తెలుగు యూనికోడే. కాబట్టి మన రచయిత్రి డి.టి.పి. కోసం డబ్బు పెట్టనక్కరలేదు. నోటు పుస్తకం పక్కన పెట్టుకొని రోజుకు ఒక పేజీ చొప్పున ఫోనులోనే కొట్టుకోవచ్చు. ఫోనుకు చదివి వినిపించినా అక్షరాలు పడతాయి. కాని ఇంటి యాసను అది తనకు తోచినట్టు మార్చేస్తుంది, వాక్యం వాక్యం సరిచూసుకోవాలి.

ఫైలును పి.డి.ఎఫ్.గా ఇస్తే పేజీ కొలత మారదు. చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఈపబ్ అనే రూపంలో ఇస్తే తెరకు తగినట్టు వాక్యాలు సర్దుకుంటాయి, పాఠకులు అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు. కథలకు, నవలలకు ఇదే మేలు.

ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ ఒక విశేషం గమనించండి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాల విభాగం తెచ్చినపుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. అంటే పాండేసరలో పక్కింటి గుజరాతీ రచయితకు తెరిచిన తలుపు మన రచయిత్రికి ఆనాడు తెరవలేదు. కోట్లమంది మాట్లాడే భాషకు ఇలా జరగడం విచారకరం. అందువల్ల ఏ సంస్థను ఎంచుకున్నా, అది రచయితల నుంచి నేరుగా తెలుగు పుస్తకాలను తీసుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు అమ్ముతున్నారు. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు కథలు విడతలుగా పెట్టవచ్చు. అమ్మకం డబ్బు అందుకోవడానికి బ్యాంకు ఖాతా, పాన్ కార్డు దగ్గర ఉంచుకోవాలి.

హక్కుల విషయంలో జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రాసిన క్షణం నుంచి రచన మీద హక్కు రచయితదే. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తరువాత అరవై ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా భావిస్తారు. "మీరు పాతిక వేలు కట్టండి, పుస్తకం మేము వేస్తాం" అని ఫోను చేసేవారు ఉంటారు. వారి కాగితంలో 'అన్ని హక్కులు, శాశ్వతంగా' అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. డబ్బూ మీదే, హక్కూ వారిదే అయితే అది ప్రచురణ కాదు. పుస్తకానికి ఇచ్చే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యకు కూడా ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దానిని ఉచితంగానే ఇస్తుంది.

ఇక రాబడి లెక్క చూద్దాం. పుస్తకం ధర 60 రూపాయలు, అందులో రచయితకు సగం వస్తుందనుకుందాం. వంద ప్రతులు అమ్మితే 3,000 రూపాయలు. కొత్త రచయితకు వంద ప్రతులు అమ్మడానికి ఒక్కొక్కసారి ఏడాది పడుతుంది. ఈ మొత్తాన్ని లేసులు కుట్టి ఏడాదిలో సంపాదించేదానితో పోల్చి చూడండి. కుట్టుపని మానేసి రచన మీద బతకాలనుకోవడం తొందరపాటు అవుతుంది.

ప్రచారం అంటే గొప్పలు చెప్పుకోవడం కాదు, చదివేవారిని వెతకడం. అమెరికా రచయిత ఆండీ వియర్ తన 'ది మార్షియన్' నవలను మొదట విడతలుగా ఉచితంగా చదవనిచ్చారు. పాఠకులే అడగగా 2011లో ఒక డాలరుకు లోపు ధరతో ఈ-పుస్తకంగా పెట్టారు. 2015లో అది సినిమాగా వచ్చింది. అంతటి అదృష్టం అందరికీ పట్టదు కాని, ముందు పాఠకులు, తరువాత పుస్తకం అన్న క్రమం మనకూ పనికొస్తుంది. మన రచయిత్రి పాఠకులు ఎవరు? సూరత్‌లోని తెలుగు కుటుంబాలు, భివండి, షోలాపూరుల మగ్గాల వాడలు, సొంత ఊరి బంధువులు. ఒక కథను వాట్సాప్‌లో పూర్తిగా ఇవ్వవచ్చు. మొత్తం పుస్తకాన్ని పి.డి.ఎఫ్.గా పంపితే మాత్రం అది ఊరంతా తిరుగుతుంది, కొనేవారుండరు. ఉగాదికి, బతుకమ్మకు జనం కలిసినపుడు ఒక కథ చదివి వినిపించడం మంచి పద్ధతి. చదువు రాని అత్తమ్మలు కూడా వింటారు. వారు మధ్యలో ఆపి, "అట్ల గాదు బిడ్డా, ఆ రైలు రాత్రి వస్తుండె" అని చెబితే ఆ మాటను రాసుకొని కథలో సరిదిద్దుకోవాలి.

మీరు చేయవలసిన పని: మీకు తెలిసిన ఒక సంఘటనను ఒక పేజీలో రాయండి. దానిని ఫోనులో తెలుగులో కొట్టి, మరొకరి ఫోనుకు పంపండి. వారిని పైకి చదవమనండి. ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర తడబడ్డారో గుర్తు పెట్టుకొని ఆ వాక్యాలను తిరగ రాయండి.