చేతులు కడుగుకొనుటయు నొక చదువే



మా అక్కగారి రెండవ కుమార్తె బి.యస్.సి. నర్సింగు చదువుచున్నది. నాలుగేండ్ల చదువులో కడపటి అర్ధసంవత్సరము ఆసుపత్రిలోనే పనిచేయుచు నేర్చుకొనవలయును. దీనిని ఇంటర్న్‌షిప్ అందురు. మొన్నటి సంక్రాంతికి నాలుగు దినములు సెలవు దొరకగా ఆ పిల్ల మాయింటికి వచ్చెను. వచ్చినది మొదలు దాని చేతులే నా కంటబడుచుండెను. వ్రేళ్ల కణుపులయొద్ద చర్మము పొడిబాఱి పగిలియుండెను.

“ఏమే, ఆసుపత్రిలో నీచేత గిన్నెలు తోమించుచున్నారా?” యని యడిగితిని.

“గిన్నెలు కాదు పిన్నీ, చేతులే తోముకొనుచున్నాను” అని నవ్వెను.

ఆ నవ్వు వెనుక రెండువారముల కథ యున్నది. ఒక్కొక్క విభాగములో కొన్ని దినములు పనిచేయించుచు, దీనిని అంటురోగములను అరికట్టు విభాగమునకు పంపిరట. రోగి యొక వ్యాధితో ఆసుపత్రికి వచ్చి, అచ్చట మఱియొక వ్యాధిని తగిలించుకొనకుండ చూచుట వారి పని. అందులకొక నర్సు ప్రత్యేకముగా నుండును. ఆమె యే రోగికిని మందీయదు, కట్టు కట్టదు. చేత నొక పట్టిక పట్టుకొని వార్డులలో తిరుగుచు, ఎవరు చేతులు శుభ్రపఱచుకొనిరో ఎవరు పఱచుకొనలేదో గుర్తువేయుచుండును. మావారు బడిలో హాజరు వేసినట్లే యున్నదని నేను పరిహాసమాడితిని గాని, తరువాత విన్నమీదట ఆ పరిహాసము నాకే రుచింపలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009వ సంవత్సరమున ప్రకటించిన పద్ధతి ననుసరించి చేతులు శుభ్రపఱచుకొనవలసిన సమయము లైదు. రోగిని తాకుటకు ముందు. సూదియో గొట్టమో పెట్టుట, గాయము కడుగుట మొదలగు శుచియైన పనికి ముందు. రక్తము, మూత్రము మున్నగునవి అంటుట కవకాశమున్న పని ముగిసిన పిమ్మట. రోగిని తాకిన పిమ్మట. రోగిని తాకకున్నను అతని మంచమును, బల్లను, దుప్పటిని తాకిన పిమ్మట. ఈ కడపటిదానినే యందఱును మఱతురట. స్పిరిటుతో చేసిన ద్రవమైనచో ఇరువది ముప్పది సెకనులు చేతులంతట రుద్దుకొన్న చాలును. చేతికి మురికి కనబడునప్పుడు మాత్రము సబ్బును నీరును తప్పవు. అందుకు నలువది మొదలు అఱువది సెకనులు పట్టును. కొన్ని విరేచనవ్యాధుల క్రిములు స్పిరిటునకు లొంగవు గనుక అచ్చటను సబ్బే శరణ్యము. చేతితొడుగులు వేసికొన్నాము గదా యని ధైర్యము వలదట. ఒక రోగిని తాకిన తొడుగుతోనే ఇంకొకని తాకినచో తొడుగున్నను లేకున్నను ఒక్కటే.

మా అత్తగారు శ్రద్ధగా వినుచుండి, “ఇందులో క్రొత్త యేమున్నదే? మడి కట్టుకొన్నవారి కిది తెలియనిదా?” అనిరి. దానికి పిల్ల, “బామ్మగారూ, మడిలో నితరులు మనల నంటకుండ చూచుకొందుము. అక్కడ మనవలన నితరుల కంటకుండ చూచుకొనవలయును” అనెను. అత్తగారు మాఱుమాట పలుకలేదు. ఒప్పుకొనిరనియు నేను చెప్పజాలను.

ఒకనాడు పెద్దవైద్యు డొకరు శిష్యులతో వార్డు చూడవచ్చి, ఒక ముసలమ్మ కట్టు విప్పి చూచి, ఆ చేతితోనే ప్రక్కమంచము వాని కడుపుమీది కట్టును తొలగించిరట. పట్టిక మా పిల్లచేత నున్నది. “లేదు” అని గుర్తువేసెను. అంతటితో దాని విధి తీరలేదు; అప్పటికప్పుడు చెప్పవలెనని కూడ దానికి నేర్పియుండిరి. కాని విద్యార్థినియై యుండి అంతటి పెద్దవారితో నెట్లు చెప్పును? నోరు రాలేదు. ఐదవనాడు ఆ రెండవ రోగికి జ్వరము వచ్చి గాయము చీము పట్టెను. అది యా చేతినుండి వచ్చినదో, వాని చర్మముమీదనే యుండినదో, శస్త్రచికిత్స సమయమున జొరబడినదో ఎవ్వరును తేల్చి చెప్పజాలరు. పిల్లకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదట. తరువాత నా వైద్యులు వచ్చినపుడు ఏమియు పలుకక ద్రవపు సీసాను వారి యెదుటికి చాచెను. వారు ముఖము చిట్లించిరి. అయినను చేయి చాచిరి.

చేతులు కడుగుకొమ్మని వైద్యులకు చెప్పుట ఎన్నడును సులువు కాలేదు. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతిశాల లుండెడివి. ఒకదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పురుళ్లు పోయుచుండిరి. 1846లో వైద్యుల శాలయందు నూటికి పదునొకండుగురు బాలింతలు మరణింపగా, మంత్రసానుల శాలయందు ముగ్గురికంటె తక్కువగా మరణించిరి. మమ్ము మంత్రసానుల శాలకే పంపుడని గర్భిణులు బ్రతిమాలుకొనెడివారట! విద్యార్థులు శవములను కోసి వచ్చిన చేతులతోనే పురుళ్లు పోయుటయే కారణమని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు గ్రహించి, 1847లో క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగవలెనని కట్టడిచేసెను. మఱుసటియేటికి మరణములు నూటికి ఇంచుమించు ఒకటికి దిగెను. అయినను తమ చేతులే మృత్యువును మోయుచున్నవన్న మాటను నాటి పెద్దలు పలువురు సహింపలేదు. ఆయన 1865లో పిచ్చియాసుపత్రిలో చనిపోయెను.

ఇంతవఱకు వైద్యుల తప్పులే చెప్పితిని. ఇక నాది చెప్పవలయును.

నిరుడు మా మామగారు పది దినములు ఆసుపత్రిలో నుండిరి. మూత్రమునకు గొట్టము వేసి సంచిని మంచము క్రింద వ్రేలాడదీసిరి. అందఱి కంటబడునట్లు అది యట్లుండుట నాకు మర్యాదగా తోచక, సంచిని తీసి మంచముపై వారి ప్రక్కన పెట్టి దుప్పటి కప్పితిని. మంచపు కమ్మిని పట్టుకొని, పక్కబట్ట సవరించి, ఆ చేతితోనే పెరుగన్నము కలిపి తినిపించితిని. ఈ సంగతి నేను చెప్పుచుండగా మా పిల్ల ముఖము వెలవెలబోయెను. సంచి ఎల్లప్పుడును మూత్రాశయమునకు దిగువనే యుండవలయును; నేలకును తగులరాదు. పైకెత్తినచో సంచిలోని మూత్రము క్రిములతో కూడ లోనికి మరలిపోవును. మామగారికి జ్వరము తగిలి, ఇంటికి రావలసిననాటికి రాక మఱియొక వారము అచ్చటనే యుండిరి. నావలననే యని అప్పుడెవరును అనలేదు. ఇప్పుడు నేను పిల్లను నేరుగా నడిగితిని. “ఏమో పిన్నీ, చెప్పలేము” అనెను. ఆ పెద్దవైద్యులకును నాకును ఒక్కటే సమాధానము!

సూదుల మాట యెత్తినపుడు పిల్ల మఱింత గంభీరమాయెను. వాడిన సూదికి మరల మూత తొడుగరాదు; గ్రుచ్చుకొనుట తఱచుగా నప్పుడే జరుగును. గ్రుచ్చుకొన్నచో ఆ వ్రేలిని పిండరాదు, నోటిలో పెట్టుకొనరాదు. పాఱు నీటిలో సబ్బుతో కడిగి వెంటనే పైవారికి తెలుపవలయును. ఎయిడ్సు క్రిమికి విఱుగుడు మందు ఎంత త్వరగా మొదలుపెట్టిన నంత మంచిది. డెబ్బదిరెండు గంటలు దాటరాదు. చెత్తబుట్టలకును రంగులున్నవి. 2016 నాటి నిబంధనలప్రకారము రక్తమంటిన దూదియు కట్లును పసుపుపచ్చదానిలో, గొట్టములును తొడుగులును ఎఱ్ఱదానిలో, సూదులును కత్తులును గ్రుచ్చుకొనరాని తెల్లడబ్బాలో, గాజుసీసాలు నీలిదానిలో వేయవలయును. ఊడ్చు మనిషి చేతికి సూది గ్రుచ్చుకొనకుండుట కీ యేర్పాటు. ఇంటిలో చక్కెరవ్యాధికి సూదులు వేసికొనువారు వానిని చెత్తబుట్టలో పాఱవేయునపుడు, మఱునాడు దానినెత్తు మనిషిని తలంతురా? మాయింట నిన్నటివఱకు తలంచలేదు.

పండుగనాడు మా అత్తగారు దానికి ఆకుపచ్చ గాజులు డజను తొడిగించిరి. ప్రయాణమునాటి ఉదయము పిల్ల పెరటిలో కూర్చుండి సబ్బునీటితో వానిని ఒక్కొక్కటిగా తీయుచుండెను. ఆసుపత్రిలో మోచేతి క్రింద గాజులుగాని ఉంగరములుగాని ఉండరాదు. వాని సందులలో శుభ్రము చేరదు. వట్టిచేతులతో ఆడపిల్ల గడపదాటుట చూచి అత్తగారి మనస్సు చివుక్కుమనినది. అయినను ఏమియు ననలేదు. గాజులను పాతచీర పేలికలో చుట్టి బీరువాలో పెట్టి, పగిలిన వ్రేళ్లకు రాచుకొమ్మని చిన్నసీసాతో కొబ్బరినూనె యిచ్చి, “ఉగాదికి వచ్చినపుడు తొడుగుకొందువుగాని లే” అనిరి.