వి-ట్విన్ ఇంజను కార్బురేటర్ల సర్దుబాటు, రన్నింగ్-ఇన్

వి-ట్విన్ ఇంజను అనగా రెండు సిలిండర్లు ఒకే క్రాంక్‌షాఫ్టుపై ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో అమర్చబడిన అంతర్దహన యంత్రం. ఇటువంటి ఇంజనును పూర్తిగా విప్పి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చి తిరిగి బిగించిన తరువాత రెండు పనులు తప్పనిసరి. మొదటిది, రెండు సిలిండర్లకూ గాలి, పెట్రోలు సరైన పాళ్ళలో, సమానంగా అందేటట్లు కార్బురేటర్లను సర్దడం. రెండవది, కొత్త భాగాలు ఒకదానితో ఒకటి కుదురుకునే వరకు బండిని ఒక పద్ధతి ప్రకారం నడపడం. దీనిని రన్నింగ్-ఇన్ అంటారు. ఈ రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులు. మిశ్రమం మరీ పలుచనైతే కొత్త పిస్టను వేడెక్కి సిలిండరులో బిగుసుకుపోతుంది. మరీ చిక్కనైతే సిలిండరు గోడపై నూనె పొర కడుక్కుపోయి రింగులు అరిగిపోతాయి. ఈ వ్యాసంలో ఇటలీకి చెందిన మోటో గుజ్జీ 90 డిగ్రీల వి-ట్విన్ ఇంజనును ఉదాహరణగా తీసుకొని ఈ విషయం వివరించబడినది.

నేపథ్యం

మోటో గుజ్జీ సంస్థ 1921లో స్థాపించబడినది. దీని కర్మాగారం ఉత్తర ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున గల మాండెల్లో డెల్ లారియో అనే పట్టణంలో ఉన్నది. జూలియో చేజారే కర్కానో రూపొందించిన వి-ట్విన్ ఇంజనుతో వి7 అనే 703 సి.సి. మోటారు సైకిలు 1967లో అమ్మకానికి వచ్చినది. తరువాత లీనో టోంటి దీనిని అభివృద్ధి చేసి 1971లో వి7 స్పోర్ట్‌ను తీర్చిదిద్దాడు. 1976లో అమ్మకానికి వచ్చిన 850 లె మాన్ ఇంజను పరిమాణం 844 సి.సి. దీని బోరు 83 మి.మీ., స్ట్రోకు 78 మి.మీ.

ఈ ఇంజనులో క్రాంక్‌షాఫ్టు బండి పొడవునా ఉంటుంది. అందువల్ల సిలిండర్లు ట్యాంకుకు కుడి, ఎడమ వైపులకు పొడుచుకొని వస్తాయి. ప్రతి సిలిండరు వెనుక దాని సొంత డెల్లోర్టో కార్బురేటరు ఉంటుంది. ఒకే కార్బురేటరుతో రెండు సిలిండర్లకు మిశ్రమం అందించే హార్లే-డేవిడ్సన్ 45 డిగ్రీల ఇంజనులో లేని ఒక సమస్య దీనివల్ల ఏర్పడుతుంది. గుజ్జీ ఇంజనులో రెండు కార్బురేటర్లు కలిసి ఒక్కటిగా పనిచేయాలి. అవి కలవకపోతే ఒక సిలిండరు రెండవదానిని ఈడ్చుకుపోతుంది.

కార్బురేటరు పనిచేసే విధానం

కార్బురేటరులో గాలి వెళ్ళే దారి ఒకచోట ఇరుకుగా ఉంటుంది. దానిని వెంచురీ అంటారు. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గడంతో, కింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రాల గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గరిష్ఠ శక్తికి మాత్రం 12.5 నుండి 13 పాళ్ళ గాలి, అనగా కొంత చిక్కని మిశ్రమం, అవసరం.

స్లైడు రకం కార్బురేటరులో థ్రాటిల్ తెరిచిన మేరను బట్టి వేర్వేరు భాగాలు మిశ్రమాన్ని నిర్ణయిస్తాయి.

* మూత నుండి సుమారు ఎనిమిదవ వంతు వరకు: ఐడిల్ జెట్టు, మిశ్రమం స్క్రూ
* ఎనిమిదవ వంతు నుండి పావు వంతు వరకు: స్లైడు అడుగున గల కోత
* పావు వంతు నుండి ముప్పావు వంతు వరకు: సూది, సూది జెట్టు
* ముప్పావు వంతు నుండి పూర్తిగా: మెయిన్ జెట్టు

ఈ హద్దులు కచ్చితమైన గీతలు కావు. ఒకదాని ప్రభావం తగ్గుతుండగా మరొకదాని ప్రభావం పెరుగుతుంది. అయినా లోపాన్ని వెదకడానికి ఈ విభజన ఎంతో ఉపయోగపడుతుంది. సగం థ్రాటిల్ వద్ద ఇంజను తడబడితే మెయిన్ జెట్టును మార్చి ప్రయోజనం లేదు, సూది ఎత్తును చూడాలి.

మిశ్రమం స్క్రూలో రెండు రకాలు ఉన్నవి. సాధారణంగా స్క్రూ ఇంజను వైపున ఉంటే అది మిశ్రమాన్ని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం పలుచబడుతుంది. గాలి వడపోత వైపున ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పితే సర్దుబాటు తలకిందులవుతుంది.

సర్దుబాటుకు ముందు చూడవలసినవి

కార్బురేటరు లోపంగా కనిపించేవాటిలో చాలా భాగం నిజానికి ఇతర భాగాల లోపాలే. అందువల్ల కింది క్రమాన్ని పాటించడం అవసరం.

# ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వుల ట్యాపెట్ సందును ఫీలర్ గేజితో కొలిచి సరిచేయాలి.
# రెండు సిలిండర్లకూ విడివిడిగా ఇగ్నిషన్ టైమింగ్ చూడాలి.
# కార్బురేటరుకు, సిలిండరు హెడ్డుకు మధ్యనున్న రబ్బరు గొట్టాలు పగిలి లేవని నిర్ధారించుకోవాలి. ఇక్కడ దొంగగాలి లోపలికి వెళ్తే మిశ్రమం పలుచబడుతుంది.
# గిన్నెలోని ఫ్లోటు ఎత్తు రెండింటిలోనూ ఒకే విధంగా ఉండాలి.
# జెట్లను తీగతో పొడవకుండా, ద్రావకంతోనూ గాలి పీడనంతోనూ శుభ్రం చేయాలి. తీగ వల్ల రంధ్రం పెద్దదవుతుంది.
# రెండు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. ఒకటి బాగా తక్కువగా ఉంటే ఏ సర్దుబాటుతోనూ అవి సమం కావు.

రెండు కార్బురేటర్లను సమం చేయడం

మొదట మిశ్రమం స్క్రూలు రెండింటినీ మృదువుగా చివరి వరకు బిగించి, తయారీదారు సూచించినన్ని చుట్లు వెనక్కి తిప్పాలి. సూచన లభించనప్పుడు సాధారణంగా ఒకటిన్నర చుట్టుతో మొదలుపెడతారు. థ్రాటిల్ కేబుళ్ళు రెండింటికీ కొంత వదులు ఉంచాలి. లేకపోతే స్లైడు తన స్క్రూ మీద కాక కేబులు మీద వేలాడుతుంది.

ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఐడిల్ వేగాన్ని నిమిషానికి సుమారు 1000 నుండి 1200 చుట్ల మధ్య ఉంచి, ఒక్కొక్క మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతారు. ఇంజను వేగం పెరిగి, నడక నిలకడగా ఉన్న స్థానమే సరైనది. వేగం హెచ్చితే స్లైడు స్క్రూలతో తగ్గిస్తారు.

ఆ తరువాత ఇన్‌టేక్ గొట్టాలకు రెండు వాక్యూమ్ గేజీలను గాని, పారదర్శకమైన గొట్టంలో నూనె నింపిన మానోమీటరును గాని తగిలిస్తారు. ఐడిల్ వద్ద రెండు వైపులా వాక్యూమ్ సమానంగా వచ్చేటట్లు స్లైడు స్క్రూలను సర్దుతారు. తరువాత వేగాన్ని 2000 చుట్లు దాటించి, కేబుళ్ళ సర్దుబాటు మరతో మళ్ళీ సమం చేస్తారు. మొదటిది ఐడిల్‌కు, రెండవది నడుస్తున్నప్పటికి సంబంధించినది. ఈ క్రమం తిరగబడకూడదు.

90 డిగ్రీల వి-ట్విన్‌లో పేలుడులు సమాన వ్యవధిలో జరగవు. ఒకదాని తరువాత 270 డిగ్రీలకు, మరొకదాని తరువాత 450 డిగ్రీలకు జరుగుతాయి. అందువల్ల ఐడిల్ వద్ద వినబడే కుంటి చప్పుడు లోపం కాదు. చెవిని మాత్రమే నమ్మి ఆ చప్పుడును పోగొట్టాలని ప్రయత్నించేవారు సరైన సర్దుబాటును చెడగొట్టుకుంటారు. రెండు సైలెన్సరు గొట్టాలను కలిపే అడ్డగొట్టం గల బండ్లలో పొగను చేత్తో తాకి పోల్చడం కూడా నమ్మదగిన పరీక్ష కాదు.

ఈ పని ఆరుబయట చేయాలి. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషవాయువు. మూసిన గదిలో అది ప్రాణాంతకం. గాలితో చల్లబడే ఇంజను కదలకుండా ఎక్కువసేపు తిరిగితే వేడెక్కిపోతుంది కనుక ఎదురుగా ఫ్యాను పెట్టడం మంచిది.

స్పార్కు ప్లగ్గు రంగు

స్పార్కు ప్లగ్గు కొనపై గల పింగాణీ రంగును బట్టి మిశ్రమాన్ని అంచనా వేయవచ్చును. లేత గోధుమ రంగు సరైన మిశ్రమానికి గుర్తు. మసిపట్టిన నలుపు చిక్కదనానికి, తెల్లగా పాలిపోవడం పలుచదనానికి గుర్తులు. పింగాణీపై సన్నని లోహపు చుక్కలు కనిపిస్తే పిస్టను కరగడం మొదలైనదని భావించి వెంటనే ఇంజను ఆపివేయాలి. సీసం లేని పెట్రోలుతో ఈ రంగులు అంత స్పష్టంగా ఏర్పడవు. ఐడిల్‌లో కాసేపు నడిపిన తరువాత తీసిన ప్లగ్గు మెయిన్ జెట్టు గురించి ఏమీ తెలుపదు. ఏ థ్రాటిల్ స్థితిని పరీక్షించాలో ఆ స్థితిలో కొంతదూరం నడిపి, క్లచ్ పట్టి, ఇంజను ఆపి అప్పుడే ప్లగ్గు తీయాలి.

రింగులు కుదురుకోవడం

కొత్తగా బోరింగ్ చేసిన సిలిండరు గోడపై హోనింగ్ వల్ల ఏటవాలుగా అడ్డదిడ్డంగా సన్నని గీతలు ఏర్పడతాయి. ఈ గీతల లోయలలో నూనె నిలుస్తుంది, శిఖరాలు రింగు అంచును కొద్దికొద్దిగా అరగదీస్తాయి. మండిన వాయువు రింగు వెనుకకు చేరి దానిని గోడకు నొక్కుతుంది. రింగు, గోడ పూర్తిగా కలిసేలోపే శిఖరాలు అరిగిపోతే ఆ అవకాశం మళ్ళీ రాదు. ఒత్తిడి లేకుండా మరీ మెల్లగా నడిపితే నూనె గోడపై కాలి అద్దంలా నున్నని పొర ఏర్పడుతుంది. దీనిని గ్లేజింగ్ అంటారు. అప్పుడు ఇంజను నూనె తాగుతుంది, బ్రీదరు గొట్టం నుండి పొగ వస్తుంది. దీనికి మందు ఇంజను మళ్ళీ విప్పి హోనింగ్ చేయడమే.

అన్ని సిలిండర్లకు ఈ పద్ధతి వర్తించదు. తొలి గుజ్జీ ఇంజన్లలో అల్యూమినియం సిలిండర్ల లోపల గట్టి క్రోమియం పూత ఉండేది. కాలక్రమంలో ఈ పూత పొరలుగా ఊడే అవకాశమున్నది. ఊడిన రేణువులు నూనెలో కలిసి బేరింగులను పాడుచేస్తాయి. తరువాతి ఇంజన్లలో నికెల్-సిలికాన్ కార్బైడు పూతను వాడారు. పూత గల సిలిండర్లను పోత ఇనుము సిలిండర్ల వలె బోరింగ్ చేయరాదు. క్రోమియం పూత గల సిలిండరులో క్రోమియం పూత గల రింగును వాడరాదు.

రన్నింగ్-ఇన్ క్రమం

సాధారణంగా పాటించే క్రమం ఇది. తయారీదారు సూచనలు వేరుగా ఉంటే వాటినే పాటించాలి.

# మొదటిసారి స్టార్టు చేయడానికి ముందు ప్లగ్గులు తీసి ఇంజనును తిప్పి, నూనె పీడనం ఏర్పడినట్లు చూడాలి.
# స్టార్టయిన తరువాత ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచరాదు. కొత్త క్యామ్‌షాఫ్టు, చదునైన ట్యాపెట్లు వేసినప్పుడు మొదటి నిమిషాలలో వేగం 2000 చుట్ల ప్రాంతంలో ఉండాలి, ఎందుకంటే ఐడిల్‌లో క్యామ్‌కు అందే నూనె తక్కువ. కార్బురేటర్ల ప్రాథమిక సర్దుబాటు స్టార్టుకు ముందే పూర్తి చేయడానికి ఇదొక ముఖ్య కారణం.
# వేడెక్కిన తరువాత ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. తయారీదారు ఆ హెడ్డుకు తిరిగి బిగించమని సూచించి ఉంటే, చల్లారిన తరువాతే హెడ్డు బోల్టులను నిర్ణీత బలంతో బిగించి, ట్యాపెట్ సందును మళ్ళీ చూడాలి.
# మొదటి ప్రయాణాలలో గేరు మారుస్తూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఒకే వేగంతో హైవేపై పోరాదు. పెద్ద గేరులో ఇంజను మూలిగేటట్లు లాగించరాదు.
# మొదటి 50 నుండి 100 కి.మీ. తరువాత నూనె మార్చాలి. అందులో మెరిసే సన్నని లోహపు పొడి సహజం, ముక్కలు కనిపిస్తే ప్రమాద సూచన.
# తిరిగి 500 కి.మీ. వద్ద నూనె మార్చి, ట్యాపెట్లు, టైమింగ్, కార్బురేటర్ల సమానత్వం మరల చూడాలి.
# సుమారు 1500 కి.మీ. వరకు గరిష్ఠ వేగాన్ని క్రమంగా పెంచుతూ పోవాలి.

ఈ కాలంలో ఖనిజ నూనె వాడటం వాడుక. ఘర్షణను బాగా తగ్గించే సింథటిక్ నూనెతో రింగులు కుదురుకోవడం ఆలస్యమవుతుందని పలువురు మెకానిక్కుల అభిప్రాయం.

కొత్త ఇంజను బిగువుగా ఉండటం వల్ల ఐడిల్ వేగం తక్కువగా ఉంటుంది. భాగాలు వదులయ్యే కొద్దీ స్క్రూ ముట్టుకోకుండానే ఆ వేగం పెరుగుతుంది. అందువల్ల మొదటి రోజు చేసిన సర్దుబాటు తుది సర్దుబాటు కాదు. రన్నింగ్-ఇన్ ముగిసే వరకు మిశ్రమాన్ని పలుచన వైపు కాక, కొద్దిపాటి చిక్కదనం వైపు ఉంచడం క్షేమకరం.

భిన్నాభిప్రాయాలు

రన్నింగ్-ఇన్ విషయంలో రెండు వాదాలున్నవి. కొత్త ఇంజనును వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలన్నది పాత వాదం. రింగులు మొదటి కొద్ది కిలోమీటర్లలోనే కుదురుకుంటాయి కనుక ప్రారంభంలోనే థ్రాటిల్ బాగా తెరవాలన్నది మరొక వాదం. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క భాగాన్ని దృష్టిలో ఉంచుకున్నది. రింగులకు ఒత్తిడి కావాలి, పిస్టన్లకు, బేరింగులకు అధిక వేడి కాకూడదు. మధ్యస్థమైన వేగంలో థ్రాటిల్‌ను కొద్ది క్షణాలు బాగా తెరిచి, వెంటనే మూసి చల్లబడనివ్వడం ద్వారా రెండు అవసరాలూ తీరుతాయి.

నేటి పరిస్థితి

1990వ దశకం నుండి గుజ్జీ బండ్లలో కార్బురేటర్ల స్థానాన్ని ఇంధన ఇంజెక్షన్ క్రమంగా ఆక్రమించినది. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాలతో కొత్త మోటారు సైకిళ్ళు దాదాపుగా ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండ్లు ఉన్నవారికి మాత్రం ఈ విద్య ఇంకా అవసరమే. దేశంలో దశాబ్దాలుగా తిరిగిన ఒంటి సిలిండరు బండ్ల స్లైడు కార్బురేటర్లలోనూ సూది, జెట్ల సూత్రం ఇదే.

పెట్రోలులో ఇథనాల్ కలపడం వల్ల ఈ విషయానికి కొత్త ప్రాధాన్యం వచ్చినది. 20 శాతం ఇథనాల్ గల పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 13.5 పాళ్ళ గాలి చాలును. అనగా శుద్ధ పెట్రోలుకు సర్దిన కార్బురేటరు ఈ ఇంధనంతో పలుచని మిశ్రమాన్ని ఇస్తుంది. ఇంజెక్షన్ గల బండి దీనిని ఆక్సిజన్ సెన్సరు ద్వారా చాలావరకు తానే సవరించుకోగలదు, కార్బురేటరుకు ఆ శక్తి లేదు. పాత రబ్బరు సీళ్ళు ఇథనాల్ వల్ల ఉబ్బడం లేదా పగలడం కూడా జరుగుతుంది. కనుక పాత ఇంజనును తిరిగి బిగించినప్పుడు సీళ్ళు మార్చి, అవసరమైతే ఒక మెట్టు పెద్ద జెట్లు వేసి, ప్లగ్గు రంగుతో సరిచూసుకోవడం మేలు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* కార్బురేటరు
* స్పార్కు ప్లగ్గు
* మోటారు సైకిలు
* ఇథనాల్