కొత్త ల్యాప్‌టాప్‌లో పాత విండోస్

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. లెటర్‌హెడ్ల మీద, బిల్లు పుస్తకాల మీద జిల్లా పేరు మార్చాలి. మార్చాల్సింది ఒక్క మాటే. కానీ ఆ ఫైలు ఎప్పుడో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిందైతే, ఆ మాట దగ్గరికి వెళ్ళడానికే చాలాసార్లు పాత విండోస్ కావాల్సి వస్తుంది.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీలో పుట్టి, 1994లో అడోబ్ చేతికొచ్చింది. 2001లో 7.0 వచ్చాక ఇక కొత్త వెర్షన్ రాలేదు. అదే ఏడాది అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. ఈ రెంటికీ తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ తోడై, మన ఊళ్ళ డీటీపీ షాపుల్లో శుభలేఖల నుంచి వినాయక చవితి కరపత్రాల దాకా ఏళ్ళ తరబడి పని నడిపించాయి.

చిక్కంతా ఫాంటులో ఉంది. అలాంటి పాత ఫాంటులో మహా అయితే 256 గళ్ళు. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్ళలో తలకట్టు, కొమ్ము, ఒత్తు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాల గజిబిజి తప్ప ఏమీ కనిపించదు. ప్రతి భాష అక్షరానికీ విడిగా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది, ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటూ వచ్చింది. పేజ్‌మేకర్‌కి మాత్రం యూనికోడ్ తెలీదు. అందుకే మన రాత అంతా ఆ పాత గళ్ళలోనే ఉండిపోయింది.

సరే, కొత్త ల్యాప్‌టాప్‌లో నేరుగా ఎక్స్‌పీ ఎక్కిద్దామంటే, సాటా డిస్కు ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉంటే ఎక్స్‌పీలో దానికి డ్రైవరు లేదు. చివర 7బి ఉన్న ఎర్రర్ కోడ్‌తో నీలి తెర వచ్చి ఆగిపోతుంది. కొత్త తరహా బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న మెషీన్‌లో అసలు మొదలే కాదు. విండోస్ 7 పరిస్థితీ అంతంతమాత్రమే. భాష ఎంచుకోమనే తెర దాకా వచ్చినా, అక్కడ యూఎస్‌బీ మౌస్ కదలదు, యూఎస్‌బీ కీబోర్డు పలకదు. దాని సెటప్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవరు లేకపోవడమే కారణం.

దీనికి సరైన మందు వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. ఐబీఎం పెద్ద కంప్యూటర్ల మీద 1960లలోనే పుట్టిన ఆలోచన ఇది. 1999లో వీఎంవేర్ దాన్ని పీసీ మీదికి తెచ్చింది. ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీని పెడితే, దాని కంటికి మీ కొత్త ప్రాసెసర్ చుట్టూ 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్ కనిపిస్తుంది, పాత ఐడీఈ డిస్కు కనిపిస్తుంది. తనకి తెలిసిన సామానే కాబట్టి అనుమానం లేకుండా లేచి కూర్చుంటుంది. ఒక జీబీ ర్యామ్ ఇస్తే హాయిగా నడుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న ఆగిపోయింది. కాబట్టి ఆ మెషీన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఆపేయండి. ఫైళ్ళ రాకపోకలకు షేర్డ్ ఫోల్డర్ చాలు.

డీటీపీ పని చేసేవాళ్ళకి నా మనవి ఒక్కటే. పాత సీడీలు, లైసెన్సు కాగితాలు పారేయకండి. వర్చువల్ మెషీన్ ఉన్న ఫోల్డరుని వేరే హార్డ్‌డిస్కులో కాపీ చేసి పెట్టండి. తీరిక దొరికినప్పుడల్లా గుడి చరిత్రలూ స్థానిక పత్రికలూ ముందుగా యూనికోడ్‌లోకి మార్చండి. శుభలేఖలు తర్వాత చూసుకోవచ్చు.