నీకెంత?

గడచిన శీతకాలమున న్యూజెర్సీలోని బంధువుల యింట కొన్నాళ్ళుండవలసి వచ్చినప్పుడు, ఆ యింటి బాలికకును, ఆమె పిన్నికొడుకునకును ఒకే వారమున వెలువడిన పరీక్షాఫలితములను గూర్చి నడచిన సంభాషణమును దగ్గర కూర్చుండి వినుట నాకు తటస్థించినది. ఆమె యెనిమిదవ తరగతి, వాడు ఏడవ తరగతి.

“అక్కా, నీకెంత?”

“2100. నీకు?”

“1980” అని వాడు తల వ్రేలవేసెను. అంతలో పూజగదినుండి వచ్చిన అమ్మమ్మ, మనుమరాలి భుజము మీదుగా ఫోనులోనికి తొంగిచూచి, “71 అని ఉంది కదే! వందకి డెబ్బై ఒకటేనా? మీ అమ్మకి టెన్తులో తొంభై దాటాయి” అనెను. మనుమరాలికి కోపము వచ్చినది; మనుమనికి లోలోపల సంతోషము కలిగినది. ఆ మువ్వురిలో నొక్కరును ఆ అంకెలను సరిగా చదువలేదని నాకు తెలియుటకు రెండు దినములు పట్టినది. అదియు ఆ పరీక్షా నియమములను ఓపికతో ఆసాంతము చదివిన పిమ్మటనే.

ఆ పరీక్ష పేరు సెకండరీ స్కూల్ అడ్మిషన్ టెస్టు, పొట్టిగా ఎస్.ఎస్.ఏ.టి. అందురు. అమెరికాలో ప్రభుత్వపు బడులు తమ పరిధిలోని పిల్లలకు రుసుము లేకయే చదువు చెప్పుచుండగా, వానితో నిమిత్తము లేక, తలిదండ్రులు చెల్లించు రుసుములతోడను పూర్వవిద్యార్థుల దానములతోడను నడచు స్వతంత్ర పాఠశాలలు, అందును ముఖ్యముగా ఈశాన్య రాష్ట్రములలో, తరతరములుగ వర్ధిల్లుచున్నవి. మసాచుసెట్సులోని ఆండోవరున 1778లో శామ్యూల్ ఫిలిప్స్ స్థాపించిన దొకటి. న్యూహాంప్‌షైరులోని ఎక్సెటరున 1781లో ఆయన పినతండ్రి జాన్ ఫిలిప్స్ నెలకొల్పినది మఱియొకటి. తెలుగువారు విరివిగ స్థిరపడిన ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సరులకు కారులో కొద్దిసేపటి దూరమున 1810 నాటి లారెన్స్‌విల్ పాఠశాల యున్నది. ఇట్టి బడులకు దరఖాస్తు పెట్టు పిల్లలు ఎన్నో యూళ్ళనుండి, ఎన్నో తీరుల బడులనుండి వత్తురు కావున, ఒక బడిలో వచ్చిన ‘ఏ’ గ్రేడునకును వేఱొక బడిలో వచ్చిన ‘ఏ’ గ్రేడునకును పొత్తు కుదురదు. అందఱికిని ఉమ్మడిగా నొక కొలమానము కావలెనని ఆ బడులు 1957లో ఒక మండలిగ నేర్పడి యీ పరీక్షను నడపుచు వచ్చినవి.

హైస్కూలు వయస్సు పిల్లలు వ్రాయు పై స్థాయి పరీక్షలో గణితము 25 ప్రశ్నల చొప్పున రెండు భాగములు. పఠనము 40 ప్రశ్నలు. పదజ్ఞానము 60 ప్రశ్నలు. కడపటిదానికి గడువు 30 నిమిషములే యగుటచే, ఒక్కొక్క మాటకు అరనిమిషము మాత్రమే దక్కును. ప్రతి ప్రశ్నకును అయిదు జవాబు లిచ్చి ఒకటి యెన్నుకొమ్మందురు. ఒప్పునకు ఒక మార్కు. తప్పునకు పావు మార్కు కోత. విడిచిపెట్టినచో లాభమును లేదు, నష్టమును లేదు. కనుక పదజ్ఞానమున 48 ఒప్పులు చేసిన యిద్దఱిలో, మిగిలిన పండ్రెండింటిని తోచినట్లు గీకి తప్పినవాడు 45కు దిగును. నాలుగు వదలి యెనిమిది తప్పినవాడు 46కడ నిలుచును. కన్నులు మూసికొని గుఱిపెట్టినచో, అయిదింట నొకటి తగులుటవలన వచ్చు మార్కును మిగిలిన నాలుగింట పోవు పావులు సరిగా మింగివేయును. కాని అయిదింటిలో ఒక్కటి తప్పని రూఢిగా తెలిసినను, మిగిలిన నాలుగింట ఊహించుట సగటున కొంచెము లాభమే. “తెలియకపోతే వదిలేయ్” అని కొందఱు తండ్రులు పిల్లలకు చేయు హితబోధ సగము మాత్రమే నిజము.

ఇంకొక విశేషము. ఈ 150 ప్రశ్నలు గాక, కడపట మఱి 16 ప్రశ్నలు 15 నిమిషములపాటు పెట్టుదురు. అవి రాబోవు సంవత్సరముల పరీక్షలకై సరిచూచుకొనుటకు వేసినవే కాని, వానికి మార్కులు లేవు. పరీక్ష వ్రాసి వెలుపలికి వచ్చిన బాలురు మెట్లమీద నిలువబడి, “ఆ చివరి లెక్కకి నీకెంత వచ్చింది?” అని ఒకరినొకరు నిలదీసికొని, జవాబు కలియక దిగులుపడుచుందురు. ఎవరికిని లెక్కకు రాని లెక్కను గూర్చి యింత దుఃఖ మేలయా!

ఇక ఆ 2100, 1980ల సంగతి. పచ్చి మార్కులను, పరీక్ష కాగితము ఒకనాడు కొంచెము కఠినముగను ఒకనాడు కొంచెము సులువుగను ఉండవచ్చునను విచారముతో, ఒక స్థిరమైన కొలతకు మార్చి చెప్పుదురు. ఎనిమిదవ తరగతి మొదలు పదునొకండవ తరగతి వఱకు చదువువారికి ఒక్కొక్క విషయమున 500 మొదలు 800 వఱకు, మొత్తము 1500 మొదలు 2400 వఱకు. అయిదు, ఆఱు, ఏడు తరగతులవారికి వేఱు పరీక్ష, వేఱు కొలత: ఒక్కొక్క విషయమున 440 మొదలు 710 వఱకు, మొత్తము 1320 మొదలు 2130 వఱకు. అనగా మన బాలిక తన శిఖరమునకు 300 దిగువను, పిల్లవాడు తన శిఖరమునకు 150 దిగువను నిలిచియుండిరి. రెండు వేఱు గజములతో కొలిచిన బట్టను ప్రక్క ప్రక్కన పఱచి, నీది పొడుగా నాది పొడుగా యని తగవులాడిన చందమున వారి సంభాషణము నడచినది. పైగా ఈ కొలతకు అడుగు సున్న కాదు. ఏమియు రాని వానికిని పై స్థాయిలో 1500 దయచేయుదురు.

అమ్మమ్మ చూచిన 71 మాటయో? అది మార్కు కాదు, శాతమును కాదు, పర్సెంటైలు. ఆ పిల్ల 71 ప్రశ్నలకు సరిగా వ్రాసినదని దాని యర్థము కాదు. ఆమెతో పోల్చిన పిల్లలలో నూటికి 71 మంది ఆమెకు సమముగనో వెనుకనో ఉన్నారని యర్థము. మన దేశమున మార్కును ఒక వైపునను ర్యాంకును మఱియొక వైపునను పెట్టుకొని పెరిగినవారము గనుక, నూటికి లోబడిన అంకె కనబడగనే మార్కనుకొందుము. నిజమునకు పర్సెంటైలు ర్యాంకునకు చుట్టము, మార్కునకు కాదు.

తిరుమలలో సర్వదర్శనపు వరుసను తలచుకొన్నచో దీని నడక తేటపడును. జనము క్రిక్కిఱిసిన నడిమి భాగమున పది యడుగులు ముందునకు జఱిగితివా, నూఱుమందిని దాటిపోదువు. జనము పలుచబడిన కొనలయందు అదే పది యడుగులకు ఇద్దఱు ముగ్గురికంటె దాటవు. ఈ పరీక్షయందును ఎక్కువమంది నడుమనే గుమిగూడుదురు కావున, అక్కడ రెండు మూడు ప్రశ్నల తేడా పర్సెంటైలును చాల దూరము కదల్చును. కావుననే ఫలితపత్రమున ప్రతి విషయమునకును ఒక్క అంకెయే గాక, ఆ యంకె కిరుప్రక్కల కొంత అవధిని గూడ చూపుదురు; మఱునాడు మరల వ్రాసిన, కొంచెము ఎగువనో దిగువనో రావచ్చునని తెలుపుట. ఆ యవధిని ఎవ్వరును చూడరు.

ఎవరితో పోల్చిరి అనునదియే అన్నిటికంటె గట్టి ప్రశ్న. దేశములోని పిల్లలందఱితోను కాదు. గడచిన మూడేండ్లలో అమెరికా, కెనడాలలో మొదటిసారి యీ పరీక్ష వ్రాసిన, అదే తరగతి పిల్లలతో. ఈ పరీక్షకు కూర్చుండువారందఱు ఇట్టి బడులలో చేర నుద్దేశించి, తలిదండ్రుల పూనికతో, పలువురు శిక్షకుల సాయముతో సిద్ధపడినవారే. కావున అట్టి గుంపున సరిగా నడుమ నిలిచిన పిల్ల, ఊరి బడిలో తన తరగతిలో ముందు వరుసయందే యుండవచ్చును. హైదరాబాదునుండి ఈ పరీక్ష వ్రాసి అమెరికాలోని బడికి దరఖాస్తు పెట్టు బాలుని ఫలితమును గూడ ఆ పిల్లలతోడనే తూచుదురు; తోటి హైదరాబాదు పిల్లలతో కాదు.

మఱియొక చిక్కు. మూడు విషయములలోను 85వ పర్సెంటైలున నున్నవాని మొత్తపు పర్సెంటైలు 85 అగునని తోచును. కాదు, అంతకంటె పైకే పోవును. ఏలయనగా లెక్కలలో మేటి పదములలో జాఱును, పదములలో దిట్ట లెక్కలలో తడబడును. మూడింటను ఒకే యెత్తున నిలుచువారు అరుదు. సగటు కట్టి, “మొత్తము తప్పు వేసినా” రని ఫిర్యాదు చేయబూనిన తండ్రులకు ఇది సమాధానము. ఇది చాలదన్నట్లు ఐ.ఎస్.ఇ.ఇ. యను వేఱొక ప్రవేశపరీక్ష కూడ కలదు. అందు తప్పునకు కోత లేదు, పర్సెంటైలుతోపాటు 1 మొదలు 9 వఱకు స్టానైను అను మెట్టును గూడ ఇత్తురు. ఆ మెట్లలో 40వ పర్సెంటైలువాడును 59వ పర్సెంటైలువాడును ఒకే అయిదవ మెట్టున కూర్చుందురు. ఇది వ్రాసినవాడు అది వ్రాసినవానిని “నీకెంత?” యని యడుగుట వట్టి కాలక్షేపము.

ఇంత తెలిసికొని, మూడవనాటి సాయంకాలము పిల్ల లిద్దఱిని పిలిచి వివరించితిని. అప్పుడు తెలియవచ్చినదేమనగా, పిల్లవాని పర్సెంటైలు అక్కదానికంటె ఎగువనున్నది. రెండు దినములు వాడు దిగులుపడినది వట్టిదే. ఇప్పుడు అక్క మొగము చిన్నబోయినది. ఆమె వ్రాసినది ఆమె తరగతి వారితో పోల్చినదని, వానితో పోల్చినది కాదని మరల చెప్పవలసి వచ్చినది. పిల్లలకు తర్కము వెంటనే యెక్కును. మనస్సునకు దిగుటకే కొంత సేపు పట్టును.

అప్పుడు వాడు, “మరి ఎస్సేకి ఎంత?” అని యడిగెను. పరీక్ష మొదట 25 నిమిషములలో వ్రాయవలసిన చిన్న రచన యొకటి యున్నది. దానికి మార్కులు వేయరు. వ్రాసినది వ్రాసినట్లు బడులకు పంపుదురు, అక్కడివారు చదువుకొందురు. ఆ మాట చెప్పగా వాడు, “అయితే దాని సంగతి ఎందుకులే” అనెను. పత్తివత్తులు చేయుచు మూలను కూర్చున్న అమ్మమ్మ మాత్రము తలయెత్తి, “ఏం రాశావే?” అని మనుమరాలిని అడిగినది.

“కథ. నువ్వు ఆవకాయ సీసా చీరల్లో చుట్టి తెచ్చావు కదా, ఎయిర్‌పోర్టులో పెట్టె తెరవమన్నారు చూడు, అది.”

“నా గురించా? దానికి మార్కులే లేవా?”

“లేవమ్మమ్మా.”

“పోనీలే. ఇటు వచ్చి కూచుని, మొదటినుంచీ చెప్పు.”