పైరునకు ఖనిజము, పిల్లలకు సత్తువ

సొసైటీ గిడ్డంగికి వచ్చు రైతులు యూరియా యెప్పుడు వచ్చుననియు, డి.ఏ.పి. ధర యెంతయనియు అడుగుదురు. జింకు సల్ఫేటును గూర్చి అడుగువారు అరుదు. నాటిన మూడు నాలుగు వారములకు ముదురాకులపై ఇటుకరంగు మచ్చలు కనబడి పైరు గిడసబారిన పిమ్మట మాత్రము పరుగున వత్తురు. ఈ నెల మేము ఆ ఖనిజమును గూర్చియే కొంత వివరముగా వ్రాయ దలచితిమి. ఏలయన ఇది మడిలో ముగియు విషయము కాదు. కంచము వరకును వచ్చునది.

వరికి వచ్చు ఈ జబ్బునకు కారణము పురుగు కాదనియు, యశదము, అనగా మనము జింకు అని పిలుచు ఖనిజము, లోపించుటయే యనియు 1966లో పంతనగరున వై. ఎల్. నెనె గారు తెలిపిరి. ఉత్తరదేశమున దీనిని ఖైరా యందురు. శ్రీరామసాగరము కాలువ నీరు పారిన నాటినుండి కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి ప్రాంతములలో పెక్కు భూములు వానకాలము, యాసంగి రెండును వరికే అప్పగింపబడినవి. పెంట తోలుట తగ్గినది. నీరు నిలిచిన నేలలోను, సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలోను, భాస్వరము మితిమీరి పడిన నేలలోను జింకు ఉన్నను వేరునకు అందదు. కావున పంట తరువాత పంట తీసినకొలది లోపము బయటపడును.

నేలలో లేనిది గింజలోనికి రాదు, గింజలో లేనిది బిడ్డకు అందదు. జింకు చాలని బిడ్డ ఎదుగడు. విరేచనములు, జ్వరములు మరల మరల పట్టుకొనును. ఇనుము చాలనియెడల రక్తము పలుచనగును. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తెలంగాణమునందు అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ధాన్యము రాశులు పోసి మిల్లులకు పంపు సీమలో ఈ లెక్క వినుటకు కష్టముగానే యున్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో వేసిన లెక్క ప్రకారము వయసు వచ్చిన పురుషునకు దినమునకు 17 మిల్లీగ్రాముల జింకు కావలెను. సామాన్యముగా తెల్లబియ్యములో పది లక్షల పాళ్లకు 12 మొదలు 16 పాళ్లు మాత్రమే యుండును. దినమునకు 400 గ్రాముల బియ్యము తినువానికి అందువలన దొరకునది సుమారు అయిదున్నర మిల్లీగ్రాములు. పప్పు, గ్రుడ్డు, మాంసము తినగలవానికి మిగిలినది వానివలన వచ్చును. అన్నము, పచ్చడి మెతుకులతో పొద్దు గడపువాని మాటయో?

రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థవారు ఇందులకై డి.ఆర్.ఆర్. ధాన్ 45 అను వంగడమును తయారుచేయగా అది 2016లో విడుదలయైనది. పాలిషు పట్టిన పిదపను దాని బియ్యములో 22 పాళ్లకు మించి జింకు నిలుచును; అదే 400 గ్రాములకు సుమారు 9 మిల్లీగ్రాములు. తరువాత డి.ఆర్.ఆర్. ధాన్ 48 కూడ వచ్చినది. ఇనుము విషయములో వరికి ఈ సుకరము లేదు. అది గింజ పైపొరలలో నుండుటచే చాలభాగము తవుడుతో పోయి పశువులకు చేరును. ఆకులపై చల్లినను ఇనుము గింజలోనికి అంతగా దిగదు.

ఆ విషయమున ఆదిలాబాదు జొన్న మేలు. జొన్నను పొట్టుతోనే విసరి రొట్టెయో గట్కయో చేసికొందుము గనుక పొరలు పోవు. పటాన్‌చెరువులోని ఇక్రిశాటు, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయము కలిసి 2018లో ‘పర్భణీ శక్తి’ అను జొన్నను వెలువరించినవి. సామాన్యపు జొన్నలో 30 పాళ్ల ఇనుము, 20 పాళ్ల జింకు ఉండగా, దీనిలో 45, 32 పాళ్లుండును. పర్భణీ మనకు దూరదేశము కాదు, నాందేడు ఆవలనే. అచ్చటి నల్లరేగడియు మన నల్లరేగడియు చుట్టములు. అయినను ప్రత్తి, సోయాబీను వచ్చి జొన్నను మూలకు నెట్టినవి. రేషను బియ్యము గోండుల ఇండ్లలో సైతము గట్కను తగ్గించినది. రాత్రి పులియబెట్టిన అంబలిలో ఖనిజములను ఒంటికి అందనీయని ఫైటేటను పదార్థము కొంత తగ్గును. మన పెద్దలకు ఆ పేరు తెలియకపోయినను అలవాటు తెలిసియుండెను.

వంగడమొక్కటియే చాలదు. జింకు లేని నేలలో ఎంతటి విత్తనమైనను చేతులెత్తును. తుర్కీలో మధ్య అనతోలియా గోధుమ పొలములలో ఇట్టి లోపమే బయటపడగా 1990 తరువాత జింకు కలిపిన ఎరువులు వ్యాపించి దిగుబడి లేచినది. ఫిన్లండు ప్రభుత్వము 1984లో నిర్ణయించి, తమ నేలలలో కొరవడిన సెలీనియమును ఎరువులలోనే కలిపించినది. కొలది ఏండ్లలో ప్రజల రక్తములో దాని పాలు హెచ్చినది.

మన మడులకు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరు దుక్కిలో వేసిన రెండు మూడు పంటలకు సరిపోవును. దీనిని డి.ఏ.పి.తోగాని సూపరుతోగాని కలిపి చల్లరాదు, కలిపిన రెండును వ్యర్థము. నడుమ కొన్ని దినముల ఎడముంచవలెను. మచ్చలు కనబడిన పైరునకు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున చల్లవలెను. దుక్కిలో వేసినది ముఖ్యముగా దిగుబడిని కాపాడును. గింజలో జింకు పెంచుటకు ఈనిన తరువాత ఆకులపై చల్లుట మేలని పలుదేశముల ప్రయోగములలో కనబడినది. అయితే ఆ అదనపు ఖర్చును మిల్లువాడు ఇయ్యడు. అతడు తేమను, నూకను చూచునేగాని జింకును చూడడు.

అందుచేత మా సలహా యిది. అమ్మకపు పంటతో మొదలిడక, ఇంటి తిండికి పెట్టుకొను అరయెకరములో మొదలుపెట్టుడు. ఈ వంగడములు హైబ్రిడులు కావు; ఒకసారి మంచి విత్తనము తెచ్చినచో కల్తీ కానీయక మరల కట్టుకొనవచ్చును. 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘము సభ్యుల పొలములలోనే వరి విత్తనము పండించి అమ్మి చూపినది. ఒక్కొక్క రైతు రాజేంద్రనగరునకు ప్రయాణము కట్టుటకన్న సంఘము పక్షమున ఒకరు పోయి మూలవిత్తనము తెచ్చుట చౌక. దానికి ముందు మట్టిని పరీక్షింపుడు. పట్టిక వచ్చినప్పుడు నత్రజని, భాస్వరము, పొటాషులతో ఆగక జింకు అంకెను కూడ చదివించుకొనుడు.