కేకలు గెలిచిన ఆట

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి సెలవుల్లో చీడికాడ చుట్టుపక్కల సంఘాల యువకులకు కబడ్డీ పోటీలు పెట్టాం. వరి కోసేసిన మడిని చదును చేసి సున్నంతో గీతలు గీశారు. ‘పాస్టర్ గారైతే పక్షపాతం ఉండదు’ అంటూ ఈల నా చేతికిచ్చారు. ఫైనల్లో మా సంఘం కుర్రాళ్లు, పొరుగూరి సంఘం కుర్రాళ్లు తలపడ్డారు. ఆట ముగియడానికి ఇంకా ఒకటి రెండు నిమిషాలే ఉంది. ఒక్క పాయింటు తేడాతో మావాళ్లు ముందున్నారు. పొరుగూరి కుర్రవాడు కూతకు వచ్చాడు. వెనుదిరుగుతూ మావాడి మోకాలిని వేళ్లతో తాకి గీత దాటాడు. నేను కళ్లారా చూశాను. ఈల ఊది పాయింటు ఇచ్చాను.

అంతే, మావాళ్లంతా నన్ను చుట్టుముట్టారు. ‘తగల్లేదండీ అయ్యగారూ, దేవుని తోడు, తగల్లేదు!’ అని ఒకటే అరుపులు. గట్టు మీద కూర్చున్న సంఘస్థులూ లేచి వచ్చారు. ‘మన పిల్లలకు మీరే అన్యాయం చేస్తారా?’ అని సంఘపెద్ద ఒకరు అడిగారు. నేను తడబడ్డాను. ‘సరే, పాయింటు లేదు’ అన్నాను. పొరుగూరి జట్టు నాయకుడు ఒక్కడే నా దగ్గరకు వచ్చి, ‘మీరు చూశారు కదండీ అయ్యగారూ?’ అని నెమ్మదిగా అడిగాడు. నేను అతని ముఖం చూడలేక, ‘టైమ్ అయిపోతోంది, ఆడండి బాబూ’ అన్నాను. మావాళ్లు గెలిచారు. కప్పు మందిరంలోని బీరువా ఎక్కింది.

ఆ ఏడాది గుడ్ ఫ్రైడేకు పిలాతు తీర్పు మీద ప్రసంగం సిద్ధం చేసుకుంటుంటే ఆ కుర్రవాడి ప్రశ్న మళ్లీ వినిపించింది.

‘సర్’ అని పిలిచే ఆట

రగ్బీ అనే ఆట మన పల్లెలకు అంతగా పరిచయం లేదు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ‘హైదరాబాద్ హీరోస్’ అనే జట్టు ఆడినప్పుడు మనవాళ్లలో కొందరు దాన్ని మొదటిసారి చూసి ఉంటారు. రగ్బీ యూనియన్‌లో జట్టుకు పదిహేను మంది. ఎద్దుల్లాంటి మనుషులు ఒకరినొకరు ఢీకొని పడేసుకుంటారు. అంత మొరటు ఆటలోనూ ఒక కట్టుబాటు ఉంది. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌కు మాత్రమే. అతనైనా ‘సర్’ అనే సంబోధిస్తాడు. ఎవరైనా నిర్ణయంపై నోరు పారేసుకుంటే, ఆ జట్టుకు పడిన పెనాల్టీని రిఫరీ ఇంకో పది మీటర్లు ముందుకు జరపగలడు. అంటే అరిచినవాడి జట్టు పది మీటర్ల నేల పోగొట్టుకుంటుందన్నమాట. రిఫరీని గుంపుగా చుట్టుముట్టే అలవాటు ముదిరిన ఫుట్‌బాల్ కూడా ఈ పద్ధతి వైపే చూసింది. 2024 యూరో కప్‌లో కెప్టెన్ మాత్రమే రిఫరీ దగ్గరకు వెళ్లి మాట్లాడాలని కట్టడి చేశారు.

అయితే మర్యాదకు పేరుపడ్డ ఆటలోనూ పాపం లేకపోలేదు. 2023 అక్టోబరు 28న పారిస్ దగ్గర జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా 12-11 తేడాతో న్యూజిలాండ్‌ను ఓడించింది. న్యూజిలాండ్ కెప్టెన్‌కు ఆ మ్యాచ్‌లో ఎర్రకార్డు పడింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌కు చెందిన రిఫరీ వేన్ బార్న్స్‌కు, ఆయన కుటుంబానికి బెదిరింపులు వచ్చాయి. కొద్దిరోజులకే ఆయన రిఫరీగా రిటైరయ్యారు. మైదానంలో ‘సర్’ అని పిలిపించే ఆట, మైదానం బయట ఆయన ఇంటిని కాపాడలేకపోయింది. నియమాలు నోటికి తాళం వేయగలవేమో గాని, హృదయాన్ని మార్చలేవు.

మన నేల మీది తీర్పరులు

మనకు బాగా తెలిసిన క్రికెట్‌లో ఒత్తిడి వేరే రూపంలో ఉంటుంది. బంతి ప్యాడ్‌కు తగిలితే చాలు, ఔట్ కాదని తెలిసినా పదకొండు మందీ గొంతు చించుకుంటారు. 2001 నవంబరులో పోర్ట్ ఎలిజబెత్ టెస్టు తర్వాత మ్యాచ్ రిఫరీ మైక్ డెన్నెస్ మన ఆటగాళ్లు ఆరుగురిని శిక్షించారు. వారిలో నలుగురిపై ఉన్న అభియోగం అతిగా అప్పీల్ చేయడమే. దేశమంతా రిఫరీ మీద విరుచుకుపడింది. శిక్షలు సమంజసమా కాదా అన్నది పెద్దలు తేల్చుకోవలసిన విషయమే. కానీ ‘మన పిల్లలు నిజంగా అలా అరిచారా?’ అని అడిగినవారు ఎందరు?

మరో దృశ్యం. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జూబిలీ టెస్టు. ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ బాబ్ టేలర్‌ను అంపైర్ ఔటని ప్రకటించారు. బంతి బ్యాట్‌కు తగల్లేదని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్‌కు అనిపించింది. అప్పీల్ వెనక్కి తీసుకుని టేలర్‌ను తిరిగి ఆడనిచ్చారు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆ ఓటమిని నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. ప్రమాణం చేసి నష్టం వచ్చినా మాట తప్పనివాడే దేవుని గుడారంలో ఉండదగినవాడని కీర్తనకారుడు అన్నది (కీర్తన 15:4) ఇలాంటి మనస్సు గురించే.

తీర్పు చెప్పే కుర్చీలోనూ మనవాళ్లు కూర్చున్నారు. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ ఆడిన టెస్టుకు అంపైర్లుగా మన దేశం నుంచి ఇద్దరిని పిలిపించారు. వారిలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. సొంత దేశపు అంపైరైతే సొంత జట్టు వైపు మొగ్గుతాడన్న అనుమానం తొలగాలని ఆ ఏర్పాటు. తర్వాత 1994 నుంచి ప్రతి టెస్టుకు ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అనే పద్ధతి వచ్చింది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో అంతర్జాతీయ మ్యాచ్ రిఫరీల బృందంలో చోటు పొందిన తొలి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో పురుషుల వన్డేకు రిఫరీగా వ్యవహరించిన తొలి మహిళ కూడా ఆమే. తటస్థులను ఎందుకు వెతకవలసి వచ్చిందో ఆలోచించండి. ‘మనవాళ్లు’ అనే మాటకు తీర్పును వంచే బలం ఉంది గనుకనే. ఆ బలం ముందు వరి మడిలో నేను నిలవలేకపోయాను.

మూడుసార్లు చెప్పి, నాలుగోసారి లొంగినవాడు

యేసులో ఏ నేరమూ కనబడలేదని పిలాతు మూడుసార్లు చెప్పాడు (లూకా 23:4, 14, 22). అతనికి సత్యం తెలియక కాదు. ప్రధానయాజకులు జనాన్ని ఎగదోశారు (మత్తయి 27:20). కైసరుకు స్నేహితుడివి కావన్న బెదిరింపు వచ్చింది (యోహాను 19:12). చివరకు జనాన్ని తృప్తిపరచాలనుకున్నాడు (మార్కు 15:15). ఆ రోజు సాక్ష్యం ఓడి కేకలు గెలిచాయని లూకా రాశాడు (23:23). ప్రియులారా, మన రక్షకుడిని సిలువకు పంపింది ఒత్తిడికి లొంగిన ఒక తీర్పు. అలాంటప్పుడు తీర్పరిని చుట్టుముట్టి అరవడం చిన్న విషయమని క్రైస్తవుడు ఎలా అనగలడు? గుంపును అనుసరించి న్యాయం తప్పవద్దని ధర్మశాస్త్రం ముందే హెచ్చరించింది (నిర్గమ 23:2). న్యాయతీర్పు దేవునిది గనుక మనుష్యుల ముఖం చూసి భయపడవద్దని మోషే న్యాయాధిపతులకు ఆజ్ఞాపించాడు (ద్వితీ 1:17).

‘మరి లూకా 18వ అధ్యాయంలోని విధవరాలు న్యాయాధిపతిని విసిగించలేదా?’ అని మా యూత్‌లో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆమె మాటిమాటికీ వెళ్లింది, నిజమే. కానీ ఆమె వెనుక గుంపు లేదు. ఆమె అడిగింది న్యాయం. తనకు రాని పాయింటు కాదు. పౌలు కూడా ఫిలిప్పీలో తనకు జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించాడు (అపొ. కా. 16:37), కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు (25:11). ప్రశ్నించడం పాపం కాదు. రగ్బీ కెప్టెన్ అడిగినట్టు, పొరుగూరి కుర్రవాడు నన్ను అడిగినట్టు అడగవచ్చు. ప్రశ్న తీర్పరికి సత్యాన్ని గుర్తు చేస్తుంది. ఒత్తిడి అతనికి భయాన్ని గుర్తు చేస్తుంది. రెండింటికీ తేడా అదే.

మన సంఘాల్లో చూడండి. కమిటీ ఎన్నికలొస్తే బంధుబలం చూపిస్తాం. క్రమశిక్షణ చర్య మనవాడి మీద వస్తే పదిమందిని వెంటేసుకుని పాస్టర్ ఇంటికి వెళతాం. అదే చర్య వేరేవాడి మీదైతే, ‘వాక్యం వాక్యమే కదండీ’ అంటాం. ఇంట్లో అన్నదమ్ముల గట్టు తగాదాలో పెద్దమనిషి మనవైపు చెబితే ధర్మప్రభువు, అటు చెబితే అమ్ముడుపోయినవాడు. మన చేతిలో ఈల లేకపోవచ్చు, కానీ ఈల ఊదేవాడి చుట్టూ నిలబడే గుంపులో మనం ఎన్నోసార్లు ఉన్నాం.

హృదయంలో ఉన్న అంపైర్

నియమం ప్రకారం పోరాడితేనే కిరీటం అని పౌలు తిమోతికి రాశాడు (2 తిమోతి 2:5). గెలుపు ఒక్కటే చాలదు, గెలిచిన దారి కూడా లెక్కలోకి వస్తుంది. క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలాలని కొలొస్సయులకు రాసినప్పుడు (3:15) ఆయన వాడిన గ్రీకు క్రియ ‘బ్రబ్యూయో’. ఆటల పోటీల్లో తీర్పరి చేసే పనికి ఆ మాట వాడేవారు. అంటే మన లోపల ఒక అంపైర్ ఉన్నాడు. కోపం ‘పాయింటు నాదే’ అంటుంది, పౌరుషం గొంతెత్తుతుంది. ఆ గొడవ మధ్య క్రీస్తు సమాధానం ఏం చెబితే అదే తీర్పు కావాలి.

కబడ్డీలో తాకిన సంగతి కొన్నిసార్లు రిఫరీకి తెలియదు. తాకించుకున్నవాడికి మాత్రం తెలుస్తుంది. ఎవరూ చూడకపోయినా చెయ్యెత్తి బయటకు నడిచేవాడి హృదయంలో ఆ అంపైర్ పని చేస్తున్నాడు. అన్యాయపు తీర్పు పొందిన మన ప్రభువు బెదిరించలేదు, న్యాయంగా తీర్పు తీర్చే దేవునికే తన్నుతాను అప్పగించుకున్నాడు (1 పేతురు 2:23). చివరి ఈల ఆ న్యాయాధిపతిదేనన్న నమ్మకం ఉన్నవాడికి ఇక్కడ అరవవలసిన అవసరం ఉండదు.

ఆ గుడ్ ఫ్రైడే తర్వాత వచ్చిన వారం నేను పొరుగూరి సంఘానికి వెళ్లి, చూసి కూడా తీర్పు మార్చానని ఆ కుర్రాళ్ల ముందు ఒప్పుకున్నాను. ‘పోనీలెండి అయ్యగారూ, ఆటే కదా’ అన్నాడు వాళ్ల నాయకుడు. అతను క్షమించి అన్న మాటే, కానీ నాకు గుచ్చుకుంది. మైదానంలో నేను కూడా ‘ఆటే కదా’ అనుకునే లొంగాను. మా సంఘంలో ఆ సంగతి చెప్పినప్పుడు అందరూ సంతోషించలేదు. ఇద్దరు కుర్రాళ్లు కొన్ని ఆదివారాలు ఆరాధనకు రాలేదు. మోకాలికి చెయ్యి తగిలించుకున్న కుర్రవాడు మాత్రం ఒక సాయంత్రం వచ్చి బీరువా తాళం అడిగాడు. కప్పు తీసుకుని, సైకిల్ హ్యాండిల్‌కు సంచిలో తగిలించుకుని పొరుగూరు వెళ్లాడు.

ఈ వారం మీరు ఎవరి తీర్పు కోసమైనా ఎదురుచూస్తుంటే, ఆ తీర్పరిని గుంపుతో కలవకండి. ఒంటరిగా వెళ్లి, సత్యం చెప్పి, మిగిలినది దేవునికి విడిచిపెట్టండి. మీ చేతిలోనే ఈల ఉంటే, కేకలు వినిపించినప్పుడు మీరు కళ్లతో చూసినదాన్ని గుర్తు చేసుకోండి. క్రీస్తు సమాధానం మన హృదయాల్లో తీర్పరిగా ఉండును గాక. ఆమేన్.