మందు ఎక్కిన అర నిమిషానికి

ముంజేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు వేగంగా ఎక్కుతుంది. ఒళ్లంతా గుప్పున వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. "ఊపిరి బిగబట్టండి" అని స్పీకర్‌లో టెక్నీషియన్ మాట. సీటీ స్కాన్ బల్ల మీద పడుకున్న మనిషికి అది కాసేపటి ఇబ్బందే. కాలేయంలో దాక్కున్న క్యాన్సర్ దొరికిపోయేది మాత్రం ఆ కాసేపట్లోనే.

మందు ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో చిన్న గడ్డ చుట్టూ ఉన్న కణజాలంలో కలిసిపోయి కనపడకపోవచ్చు. దాన్ని పట్టిచ్చేది అది రక్తం తెచ్చుకునే దారి. కాలేయానికి రక్తం రెండు వైపుల నుంచి అందుతుంది. సుమారు 75 శాతాన్ని పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొస్తుంది, మిగతాది ధమని ఇస్తుంది. కాలేయ కణాల్లోనే పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా అనే క్యాన్సర్ పెరిగేకొద్దీ సిరను వదిలేసి ధమని రక్తం మీదే బతుకుతుంది.

డాక్టర్లు 'ట్రిపుల్ ఫేజ్' సీటీ రాసేది అందుకే. మందు ఎక్కిన దాదాపు 35 సెకన్లకు తీసిన చిత్రంలో కాలేయం ఇంకా మసకగానే ఉంటుంది, గడ్డ ఒక్కటే తెల్లగా మెరుస్తుంది. 70 సెకన్లకు సిర ద్వారా కూడా మందు చేరి కాలేయమంతా వెలుగుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలకు గడ్డ చుట్టుపక్కల కన్నా నల్లబడుతుంది. దీన్ని 'వాషౌట్' అంటారు.

సిర్రోసిస్ గానీ దీర్ఘకాలిక హెపటైటిస్-బి గానీ ఉన్నవారిలో, సెంటీమీటరు దాటిన గడ్డలో ఈ మెరుపు, ఈ నలుపు రెండూ స్పష్టంగా ఉంటే, సాధారణంగా సూదితో ముక్క తీయకుండానే క్యాన్సర్ అని తేలుస్తారు. ఇలాంటి చిత్రాలను అందరూ ఒకే కొలతతో చదవడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2011లో 'లై-రాడ్స్' పద్ధతి తెచ్చింది. అందులో ఐదో తరగతి అంటే క్యాన్సరే.

ఎంఆర్‌ఐలో వాడే గాడాక్సెటేట్ మందుది మరో తీరు. ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణాలు దాన్ని పీల్చుకుంటాయి. 20 నిమిషాల తర్వాత కాలేయం తెల్లగా వెలుగుతుంటే, ఆ శక్తి పోగొట్టుకున్న క్యాన్సర్ కణాలు చాలావరకు నల్లటి మచ్చలా మిగులుతాయి. సీటీకి చిక్కని చిన్న గడ్డలు ఇక్కడ దొరకవచ్చు.

సర్జన్‌కు ఈ చిత్రాలే దారి చూపే పటం. గడ్డలు ఎన్ని, ఎంతెంత ఉన్నాయి, పోర్టల్ సిరలోకి పాకాయా, కోశాక మిగిలే కాలేయం రోగిని నిలబెడుతుందా అన్నవి కత్తి పట్టకముందే తేలాలి. కాలేయ మార్పిడికి 1996లో ఇటలీలో రూపొందిన మిలాన్ ప్రమాణాలు కూడా లెక్క మీదే నిలబడ్డాయి: ఒక్క గడ్డయితే 5 సెంటీమీటర్ల లోపు, మూడు వరకూ ఉంటే ఒక్కోటీ 3 సెంటీమీటర్ల లోపు ఉండాలి. స్కాన్‌లో ఒక గడ్డ తప్పిపోతే చికిత్స నిర్ణయమే తలకిందులవుతుంది.

సిర్రోసిస్ ఉన్నవారు నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. అందులో అనుమానపు మచ్చ కనపడితే తర్వాతి అడుగు ఈ కాంట్రాస్ట్ స్కానే. కిడ్నీ జబ్బున్నా, గతంలో ఇలాంటి మందు పడకపోయినా బల్ల ఎక్కకముందే చెప్పాలి. రక్తంలో క్రియాటినిన్ చూశాక, ఏ మందు ఎక్కించాలో డాక్టరు నిర్ణయిస్తారు.